ఎడమ నిలువు గీత

ఎనిమిది మందికి ఎనిమిది గీతలు పంచారు.
నాకు ఎడమ పక్క నిలువు గీత వచ్చింది.
రోజుకి పన్నెండొందలు, తెల్ల టోపీ,
మధ్యాహ్నం పులిహోర పొట్లం.

విజయనగరం కంటోన్మెంటు వెనక
కొత్తగా వేసిన కోర్టులు, ఇంకా రంగు వాసన పోలేదు.
ఇంత నీలం నేను మా బడి పిల్లల రిబ్బన్లలోనే చూశాను.
పదకొండయ్యేసరికి దాని మీద గాలి ఉడుకుతుంది,
బూట్ల అడుగులు మెత్తబడి నేలకి అంటుకుంటాయి.

శిక్షణ రెండు పూటలు.
మోకాళ్ల మీద చేతులు, చూపు గీత మీద.
బంతి బయట పడితే చెయ్యి చాపి అరవాలి.
లోపల పడితే రెండరచేతులూ నేలవైపు,
ఉయ్యాల్లో బిడ్డ పడుకుంది, చప్పుడు చెయ్యకండి అన్నట్టు.
మూడో సైగ ఒకటుంది.
కనిపించకపోతే
రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకోవాలి.
"ఇది మాత్రం ఎక్కువ వాడకండమ్మా"
చెన్నై నుంచి వచ్చినాయన నవ్వాడు.

తమూనాది జార్జియా.
కూడా కోచ్ లేడు, ఎవరూ లేరు.
స్టేషన్ రోడ్డు లాడ్జీలో దిగి
పొద్దున్నే ఉతికిన సాక్సులు కంచెకి ఆరేసుకునేది.
పెరుగన్నం డబ్బా తెరిచి
"చిల్లీ?" అని అడిగేది,
లేదన్నాక కూడా వాసన చూసేది.

అవతల శర్వరి, కొల్హాపూర్ పిల్ల,
పంతొమ్మిదేళ్లకే మోకాలికి పట్టీ.
చూసేవాళ్లు అరవై మందుంటారు,
అందులో సగం నీడకొచ్చినవాళ్లే.

మూడో సెట్టు. నాలుగు, అయిదు. డ్యూస్.
జూట్ మిల్లు సైరన్ కూసింది.
నా కనుబొమ్మ మీద అప్పటిదాకా ఆగిన చెమటబొట్టు
సరిగ్గా ఎడమ కంట్లో దిగింది.
అప్పుడే కొట్టింది తమూనా,
నా గీత వెంబడే.

నేను చూసింది పసుపు.
తర్వాత మంట.
"అవుట్!"
పదిహేడేళ్ల పీఈటీ గొంతు అది,
మైదానం అవతలి గోడ ఎక్కే గుంటల్ని ఆపే గొంతు.
కంటిని అడిగి అరిచే అలవాటు దానికి లేదు.

తమూనా వచ్చి గీత దగ్గర వంగింది.
మట్టి కోర్టయితే మచ్చ సాక్ష్యం చెప్పేదట.
ఇది గట్టి నేల. ఎవరి జాడా ఉంచుకోదు.
రాకెట్ కొనతో ఒక చోటు చూపించి
నా మొహంలోకి చూసింది.
కోపంగా కాదు,
తెలియని ఊళ్లో దారి అడిగేవాళ్లు చూసినట్టు.
ఎత్తు కుర్చీలోని ఆయనా చూశాడు.
నా చెయ్యి ఇంకా చాపే ఉంది.

తర్వాతి బంతి నెట్టుకి కొట్టుకుంది.
అంతే, అయిపోయింది.
శర్వరి చెయ్యి పట్టుకుని ఊపి, సంచీ భుజాన వేసుకుని
గేటు దాటి వెళ్లిపోయింది.
సాక్సులు కంచె మీదే ఉన్నాయి, అట్టల్లా ఎండి.

సాయంత్రం లాడ్జీకి పట్టికెళ్లాను.
"ఇందాకే ఖాళీ చేసేసిందండీ ఆవిడ" అన్నాడు కుర్రాడు.
ఎందుకొచ్చానని అడిగితే ఏం చెప్పాలో
దారంతా కూడబలుక్కున్నాను.
అడగలేదు.

సోమవారం, గజపతినగరం, మా బడి.
ముగ్గుపిండితో గీసిన కబడ్డీ బరి.
బెల్లాన హారిక కూతకెళ్లి దుమ్ములో జారి లేచింది.
"బోనస్ గీత తాకినాను మేడమ్!"
"నేదు, తాకనేదు!"
ఇటు ఏడుగురు, అటు ఏడుగురు,
అందరి కళ్లూ నా విజిల్ మీద.

నేను ఆ క్షణాన బరి అంచున చెదిరిన పిండి చూస్తున్నాను.

రెండు చేతులూ ఎత్తి
కళ్లకు అడ్డం పెట్టుకున్నాను.

మైదానం సద్దుమణిగింది.
ఎవరో గుసగుసగా: "మేడమ్ ఏడుస్తన్నారే."
దుమ్ము పాదాలు దగ్గరికొచ్చిన చప్పుడు.
ఒక చిన్న చెయ్యి, చెమటది,
నా మణికట్టు పట్టుకుంది.

"తాకనేదులెండి మేడమ్.
ఊరుకోండి."